ఈ బోల్టుకు ఏ నట్టు?

పిల్లలూ! మీ ఇంట్లో అటకమీదనో, గడంచె కిందనో ఒక పాత డబ్బా తప్పకుండా ఉంటుంది. మూత తీస్తే తుప్పు పట్టిన మేకులు, వంకర పోయిన స్క్రూలు, నాలుగు వాషర్లు, ఏ యంత్రానివో ఎవరికీ గుర్తులేని నట్లూ బోల్టులూ కనపడతాయి. "ఎప్పుడన్న అక్కరకొస్తయి" అని పెద్దవాళ్ళు దాచిపెట్టినవి. ఆ డబ్బాను ఈ ఆదివారం ఒకసారి బయటికి తీయండి. మీ జామెట్రీ పెట్టెలోని స్కేలు కూడా పక్కన పెట్టుకోండి. ఈ వ్యాసానికి ఆ రెండూ కావాలి.

నాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. ఉద్యోగం మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్లలో, ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. మా నాయనకు 1974 నాటి బుల్లెట్ మోటారు సైకిలు ఒకటి ఉండేది. ఆ బండి వెనక కూర్చునే నేను పదో తరగతి పరీక్ష రాయటానికి వెళ్ళాను. ఆయన పోయిన తరువాత అది పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. మూడేళ్ల కిందట దానిని మళ్ళీ నడిపించాలని పూనుకొన్నాను. పాత బండిని బాగుచేయటమంటే ఇంజనూ రంగూ అనుకొంటాం గదా! కాదు. సగం కాలం నట్లూ బోల్టులూ వెదకటానికే పోయింది. ఇంజను బాగుచేసేవాళ్ళు దొరికారు, రంగు వేసేవాళ్ళు దొరికారు. సరిపోయే నట్టు మాత్రం దొరకలేదు.

ఇంతకూ చెప్పవలసిన సంగతి ఇది. ముందు చక్రం ఇరుసును రెండు వైపులా రెండు లోహపు టోపీలు పట్టి ఉంచుతాయి. ఆ టోపీలను ఫోర్కుకు బిగించేవి స్టడ్లు, అంటే తల లేని బోల్టులు. వాటి నట్లు తుప్పు పట్టి పనికిరాకుండా పోయాయి. స్టడ్డు వ్యాసం కొలిచి చూస్తే 5/16 అంగుళం ఉన్నది. మన హార్డ్‌వేరు దుకాణాల భాషలో "ఢాయీ సూత్". అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్ గనుక, రెండున్నర సూత్‌లంటే 5/16 అంగుళం. "ఢాయీ సూత్, సన్న మరలు" అని అడిగితే దుకాణదారు నాలుగు నట్లు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. మెకానిక్కు బిగించాడు. మూడు నాలుగు చుట్లు చేతితో తిరిగింది. తరువాత పానా వేయవలసి వచ్చింది. పానా వేసి గట్టిగా లాగి, "పట్టింది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. నేనూ పానాతో ఒకసారి లాగి చూశాను. కదలలేదు. పట్టిందనే అనుకొన్నాను.

నెల తిరగకుండానే ఒక పెళ్ళికి మిర్యాలగూడెం బయలుదేరాము. వెనక మా ఇంటావిడ కూర్చున్నది. తిప్పర్తి దాటిన కొంతసేపటికి హ్యాండిలు చేతిలో వణకటం మొదలుపెట్టింది. గాలి తగ్గిందేమో అనుకొని ఒక వేపచెట్టు కింద ఆపి చూస్తే, ఎడమ వైపు టోపీకి ఉన్న నట్లలో ఒకటి అసలు లేనే లేదు. రెండోది వేలితో తిప్పితే తిరుగుతున్నది. టోపీకి, ఫోర్కుకు మధ్య నా గోరు పట్టేంత సందు ఏర్పడింది. ఎదురుగా లారీలు పోతున్నాయి. ఆ రెండో నట్టు కూడా ఊడి ఉంటే ఈ వ్యాసం రాయటానికి నేను ఉండేవాణ్ణో లేదో.

తప్పు ఎవరిది? దుకాణదారు నేను అడిగినదే ఇచ్చాడు. మెకానిక్కు ఇచ్చిన నట్టు బిగించాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లల చేత స్క్రూగేజి, వెర్నియర్ కాలిపర్స్ కొలతలు కట్టిస్తున్న మనిషిని నేను. నేనే కొలవలేదు! కొలిచానని అనుకొన్నాను గాని సగమే కొలిచాను.

బోల్టుకు వ్యాసం ఒక్కటే కొలత కాదు. మర అంటే ఏమిటి? మీరు "సాధారణ యంత్రాలు" పాఠంలో చదివారు. ఒక వాలు తలాన్ని స్తంభానికి చుట్టితే అది మర అవుతుంది. ఒక మర శిఖరం నుంచి పక్క మర శిఖరం దాకా ఉండే దూరాన్ని పిచ్ అంటాము. మెట్రిక్ బోల్టులకు పిచ్‌ను మిల్లీమీటర్లలో చెబుతారు. అంగుళాల బోల్టులకు ఒక అంగుళంలో ఎన్ని మరలున్నాయో చెబుతారు. దుకాణంలో నాకు ఇచ్చిన నట్టులో అంగుళానికి 24 మరలు. మన పల్లెల్లో ట్రాక్టర్లకు, జీపులకు వాడేది ఆ రకమే. మా నాయన బండి స్టడ్డుకు అంగుళానికి 26 మరలు. రెండింటికీ వ్యాసం ఒకటే.

24కూ 26కూ తేడా ఎంత? లెక్క వేద్దాం. అంగుళం 25.4 మిల్లీమీటర్లు. దానిని 24తో భాగిస్తే పిచ్ 1.058 మి.మీ. 26తో భాగిస్తే 0.977 మి.మీ. ఒక మరకు తేడా 0.08 మిల్లీమీటరు మాత్రమే, దాదాపు వెంట్రుక మందం. అందుకే మొదటి చుట్టు హాయిగా తిరుగుతుంది. కాని మరలు లోపలికి పోయిన కొద్దీ ఈ తేడా కూడుతూ పోతుంది. మూడు మరలకు 0.24, ఆరు మరలకు 0.49, అంటే దాదాపు అర పిచ్. అప్పుడు నట్టు మర శిఖరం వచ్చి స్టడ్డు మర శిఖరం మీదనే కూర్చోబోతుంది. నట్టు బిగిసిపోతుంది!

ఇక్కడే మనం మోసపోతాము. ఆ బిగువు టోపీని ఫోర్కుకు అదిమి పట్టిన బిగువు కాదు. మరలు ఒకదానినొకటి నలగ్గొట్టుకొంటున్న బిగువు. చేతికి మాత్రం రెండూ ఒకటే మాదిరిగా తెలుస్తాయి. "పట్టింది సార్" అన్న మెకానిక్కు అబద్ధం చెప్పలేదు. నట్టు నిజంగానే పట్టింది, కాని పట్టుకోవలసినదానిని పట్టుకోలేదు.

సరైన నట్టు ఎలా పట్టుకొంటుందో చూడండి. బోల్టు గట్టి ఇనుప కడ్డీ గదా, అది సాగుతుందా అని మీకు సందేహం రావచ్చు. సాగుతుంది. నట్టును బిగిస్తున్నప్పుడు బోల్టు రబ్బరు లాగా, కాని ఎంతో కొద్దిగా, సాగుతుంది. సాగిన బోల్టు తిరిగి తన పొడవుకు రావాలని లాగుతుంటుంది. ఆ లాగుడే రెండు భాగాలను ఒకదానికొకటి అదిమి ఉంచుతుంది. బోల్టు ఒక గట్టి స్ప్రింగు అన్నమాట. మనం పానాతో చేసే పనిలో సుమారు పదో వంతు మాత్రమే బోల్టును సాగదీయటానికి పోతుంది. మిగతాదంతా నట్టు కింద, మరల మధ్య ఘర్షణకే ఖర్చవుతుంది. మరలు తప్పుగా కలిసినప్పుడు ఆ పదో వంతు కూడా మిగలదు. స్ప్రింగు సాగదు. బండి అదురుకు నలిగిన మరలు అరిగి వదులవుతాయి, నట్టు రోడ్డు మీద పడిపోతుంది. నాకు జరిగింది ఇదే.

ఇప్పుడు మీ డబ్బాలోని బోల్టు ఒకటి తీయండి. మరల మీద స్కేలు ఆనించి పది పిచ్‌ల పొడవు కొలవండి. జాగ్రత్త, పది పిచ్‌లు కావాలంటే పదకొండు శిఖరాలు లెక్కపెట్టాలి. మొదటి శిఖరాన్ని "ఒకటి" అనకండి, "సున్న" అనండి. మా తరగతిలో సగం మంది ఇక్కడే తప్పుతారు. 8 మిల్లీమీటర్ల మామూలు మెట్రిక్ బోల్టయితే మీకు 12.5 మి.మీ. వస్తుంది. 5/16 అంగుళం బ్రిటిషు ముతక మర అయితే 14.1, బ్రిటిషు సన్న మర అయితే 11.5, అమెరికా వారి సన్న మర అయితే 10.6, నా స్టడ్డులాంటిదయితే 9.8. ఈ ఐదింటి వ్యాసాలూ 8 మి.మీ. దగ్గరే ఉంటాయి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు కనుక, కొద్దిగా అరిగిన బోల్టులయితే వెర్నియర్ పెట్టి కొలిచినా వ్యాసాన్ని బట్టి తేల్చి చెప్పలేరు. అదే పది పిచ్‌ల పొడవు కొలిస్తే జామెట్రీ పెట్టెలోని స్కేలుతో తేలిపోతుంది!

ఒకే లావు బోల్టుకు ఇన్ని రకాల మరలు ఎందుకు ఉండాలి? దీనికి చరిత్ర ఉన్నది. ఒకప్పుడు ఇంగ్లండులో ఏ కర్మాగారం మర ఆ కర్మాగారానిదే. జోసెఫ్ విట్వర్త్ అనే ఇంజనీరు ఎన్నో కర్మాగారాల బోల్టులు సేకరించి, కొలిచి, వాటి సగటు తీసి, 1841లో ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో వేరొక పద్ధతి పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు యంత్రానికి అమెరికా బోల్టు పట్టక నానా అవస్థలు పడ్డారు. చివరకు 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చొని ఒక ఉమ్మడి అంగుళాల మరను ఒప్పుకొన్నాయి. ఈలోగా ఐరోపాలోని ఇతర దేశాలు మెట్రిక్ మరలతో ముందుకు పోయాయి.

ఈ మరలన్నీ మన గడ్డమీదకు వచ్చి పడ్డాయి. 1932లో నిజాం రాష్ట్ర రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలయింది. అప్పటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులో తయారయినవి. వాటితో బ్రిటిషు మరలు వచ్చాయి. 1947 నుంచి మహీంద్రా వారు మన దేశంలో కూర్చిన విల్లీస్ జీపులతో అమెరికా మరలు వచ్చాయి. 1956లో తూనికలు, కొలతల చట్టం చేసి మన దేశం మెట్రిక్ పద్ధతికి మారింది. 1972 నుంచి వచ్చిన బజాజ్ చేతక్ స్కూటర్లకు మెట్రిక్ మరలే. కనుక పాతసామాను కొట్టులో ఒక గంప బోల్టులు కుమ్మరిస్తే మన చరిత్ర మూడు పొరలుగా కనపడుతుంది. మా తాతగారి కాలంలో హైదరాబాదు రాష్ట్రంలో హాలీ సిక్కా రూపాయి, బ్రిటిషు వారి కల్దార్ రూపాయి రెండూ చలామణిలో ఉండేవి. రెండూ రూపాయలే, కాని ఏడు హాలీలిస్తే గాని ఆరు కల్దార్లు రావు. తెలియనివాడు సంతలో మోసపోయేవాడు. ఢాయీ సూత్ బోల్టుల సంగతీ అంతే.

నా అన్వేషణకు తిరిగి వస్తాను. నల్లగొండలో మెట్రిక్ బోల్టులు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. ట్రాక్టరు బోల్టులూ దొరుకుతాయి. 26 మరలది లేదన్నారు. సికిందరాబాదు రాణిగంజ్‌కు వెళ్ళాను. అక్కడ వీధి వీధే నట్లూ బోల్టులూ. కిలోల లెక్కన తూచి ఇస్తారు. మీరెప్పుడైనా వెళ్ళి చూడవలసిన చోటు అది. ఒక సైన్సు మ్యూజియం కంటే తక్కువేమీ కాదు. అక్కడ కూడా "ఛబ్బీసా? నయ్" అన్నారు. ఒక గురువారం హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో పాత ఇనుము కుప్పల ముందు కూర్చొని, స్కేలు పట్టుకొని గంటన్నరసేపు వెదికాను. సరిపోయేలా ఉన్న నట్లు రెండు దొరికాయి గాని కొనలేదు.

ఎందుకు కొనలేదంటారా? పాత కుప్పలోని నట్టు ఎలాంటి ఉక్కుతో చేసినదో దాని ముఖం చూసి చెప్పలేము. ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. మంచి మెట్రిక్ బోల్టు తలమీద 8.8 అనో 10.9 అనో అంకెలు అచ్చు వేసి ఉంటాయి. అవి బోల్టు సైజు కాదు, బలం. 8.8లో మొదటి 8ని వందతో హెచ్చవేస్తే 800. ఒక చదరపు మిల్లీమీటరు ఉక్కు తెగటానికి ఇన్ని న్యూటన్ల బలం కావాలన్నమాట. రెండో 8 అంటే అందులో 80 శాతం, 640 న్యూటన్ల దగ్గర ఆ ఉక్కు శాశ్వతంగా సాగిపోవటం మొదలుపెడుతుంది. 8 మి.మీ. బోల్టుకు మరల దగ్గర పనికివచ్చే వైశాల్యం 36.6 చదరపు మి.మీ. 640తో హెచ్చవేయండి. సుమారు 23,400 న్యూటన్లు, అంటే 2,390 కిలోల బరువు. కిటికీ చట్రాలకూ గేట్లకూ వాడే 4.6 రకం బోల్టుకు ఇదే లెక్క కడితే 240ని 36.6తో హెచ్చవేయాలి. 896 కిలోలు మాత్రమే వస్తుంది. చూడటానికి రెండూ కవల పిల్లలే. ధరలో తేడా చాయ్ ఖర్చంత కూడా ఉండదు. గేటుకు బిగించే బోల్టును బ్రేకుకు బిగించేవారిని నేను కళ్ళారా చూశాను. తళతళ మెరుస్తున్నదని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు ఎక్కడపడితే అక్కడ బిగించేవారినీ చూశాను. అల్యూమినియం భాగంలో స్టెయిన్‌లెస్ బోల్టు పెట్టి వాన నీళ్ళు తగలనిస్తే అక్కడొక చిన్న విద్యుత్ ఘటమే తయారవుతుంది, అల్యూమినియం తినుకుపోతుంది. అందం కోసం బండిని పాడుచేయటం నాకు నచ్చదు.

"ఇంత బాధ ఎందుకు సార్? స్టడ్లన్నీ పీకేసి, రంధ్రాలు పెద్దవి చేసి మెట్రిక్ మరలు కొట్టేద్దాం" అని లేతు మిషను మేస్త్రీ సలహా ఇచ్చాడు. ఈ వాదాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చను. మర పూర్తిగా చితికిపోయినచోట అదే దారి. కాని బాగున్న లోహాన్ని తొలిచివేస్తే తిరిగి రాదు. తరువాత ఆ బండి విప్పేవాడికి సగం అంగుళాలు, సగం మిల్లీమీటర్లు ఎదురై నాలాగే బోల్తా పడతాడు. అన్నట్టు, ఆ మేస్త్రీ లేతులో 127 పళ్ళ చక్రం ఒకటి చూపించాడు. అంగుళాల లేతు మీద మెట్రిక్ మర కోయాలంటే అది కావాలట. ఎందుకో ఆలోచించండి. 25.4ను ఐదుతో హెచ్చవేస్తే మీకే తెలుస్తుంది. అయిదో తరగతి దాకా చదివిన ఆ మేస్త్రీకి ఈ సంగతి తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఫోర్కు నుంచి విప్పిన ఒక స్టడ్డును పాఠశాలకు తీసుకుపోయి తొమ్మిదో తరగతిలో బల్లమీద పెట్టాను. కొలవమన్నాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ నాయన బోరుబావుల బండి మీద పని చేస్తాడు. అబ్బాయి స్క్రూగేజి ప్రశ్నకు మూడు పరీక్షల్లోనూ సున్న తెచ్చుకొన్నవాడు. ఆ అబ్బాయి స్టడ్డును చేతిలోకి తీసుకొని బొటనవేలి గోటితో మరలమీద గీరి, "సార్, ఇది సైకిల్ ముందుచక్రం ఇరుసు లెక్కున్నది" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేను మాత్రం నవ్వలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో సూదులతో మొదలుపెట్టి సైకిళ్ళు చేసి, ఆ తరువాత మోటారు సైకిళ్ళలోకి దిగినవారు. సైకిళ్ళవారు పెట్టుకొన్న మరే అంగుళానికి 26. మన పాత నల్ల సైకిళ్ళ ముందు ఇరుసుకు ఇప్పటికీ 5/16 అంగుళం, 26 మరలే. నా కళ్ళముందు రోజూ వందల సైకిళ్ళు నిలబడి ఉండగా నేను రాణిగంజ్ దాకా తిరిగి వచ్చాను!

మన బడులలో కొలత పరికరాలు బీరువాలో తాళం వేసి ఉంటాయి. పరీక్ష రోజున తీసి, గాజు పలక మందం, సీసపు గుండు వ్యాసం కొలిపించి, మళ్ళీ లోపల పెట్టేస్తాము. గాజు పలక మందం తెలిసి ఎవరికి ఏమి ఒరిగింది? బయట మెకానిక్కు షెడ్లలో గోటితో పిచ్ గుర్తుపట్టే పిల్లలున్నారు, వాళ్ళకు ఆ పిచ్‌ను అంకెగా రాయటం మనం నేర్పలేదు. లోపల "కనీసపు కొలత" నిర్వచనం గడగడ అప్పజెప్పే పిల్లలున్నారు, వాళ్ళకు బోల్టు ఇచ్చి నట్టు తెమ్మంటే తేలేరు. ఆ గాజు పలక బదులు ప్రతి బడిలో ఒక డబ్బా పాత బోల్టులు పెట్టాలని నా అభిప్రాయం. పాతసామాను కొట్టులో కిలో కొంటే పదేళ్ళు వస్తాయి. దుకాణదారులకూ ఒక మాట చెప్పాలి. "ఢాయీ సూత్" అని రాసిన డబ్బామీద రెండో అంకె కూడా రాయండి. మీరు, అంటే పిల్లలు, కొనటానికి వెళ్ళినప్పుడు ఆ రెండో అంకె అడగండి. చెప్పకపోతే స్కేలు తీయండి. నవ్వితే నవ్వనీయండి.

ఆ రోజు మధ్యాహ్నం సైకిళ్ళ పందిట్లో ఆ అబ్బాయి తన సైకిలు ముందు చక్రం నట్టు విప్పి స్టడ్డుకు ఎక్కించాడు. రెండు వేళ్ళతో తిప్పుతుంటే ఎక్కడా పట్టకుండా, ఎక్కడా వదులు లేకుండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోయింది. సైకిలు నట్టు మెత్తటిది, బుల్లెట్ ఇరుసుకు పనికిరాదు. మర ఏదో తేల్చటానికి మాత్రం దానికంటే మంచి గేజి లేదు. ఆ తరువాత పాత బుల్లెట్ భాగాలు అమ్మే దుకాణంలో "5/16, 26, సైకిల్ మర, ఫోర్కు టోపీకి" అని అడిగితే, లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో నాలుగు నట్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఇన్నాళ్ళూ నేను అడగవలసిన పేరు అడగలేదు, అంతే.

సైకిలు నట్టు సంగతి మరిచేను. దానిని తిరిగి చక్రానికి బిగించి, పానాతో సరిచూసి, అబ్బాయిని ఇంటికి పంపాను.